‘టేక్’ అనే ఆంగ్ల క్రియ – ఫారసీ భాషీయ విద్యార్థి

పరభాషను అభ్యసించే విద్యార్థిని పెద్ద పదాలు అంతగా బాధించవు. పొడవైన శాస్త్రపదానికో, రాజ్యాంగ పదానికో నిఘంటువు తెరిస్తే ఒక అర్థం దొరుకుతుంది. దానిని కంఠస్థం చేస్తే పని ముగుస్తుంది. బాధించేవి చిన్న పదాలు. అవి మొదటి వాచకంలోనే కనిపిస్తాయి. మొదటి వారంలోనే వచ్చినట్లుగా తోస్తాయి. పట్టభద్రులమైన తరువాత కూడా మనలను మోసం చేస్తూనే ఉంటాయి. అటువంటి పదాలలో ‘టేక్’ ఒకటి. ‘తీసుకొను’ అని అర్థం చెప్పి ఉపాధ్యాయుడు ముందుకు సాగిపోతాడు. విద్యార్థి మాత్రం జీవితమంతా ఆ ఒక్క అర్థాన్ని పట్టుకొని తడుముకొంటాడు.

ఈ వ్యాసంలో ఆ క్రియను ఫారసీ మాతృభాషగా గల విద్యార్థి దృష్టితో పరిశీలించడానికి ప్రయత్నిస్తాను. ఇరాన్‌లో ఫారసీ అనీ, అఫ్గానిస్తాన్‌లో దరీ అనీ, తాజికిస్తాన్‌లో తాజికీ అనీ పిలువబడే ఈ భాషను మాట్లాడేవారు ఇంగ్లీషు నేర్చుకొనేటప్పుడు ఎక్కడ తడబడతారో తెలుసుకోవడం మనకెందుకని కొందరు ప్రశ్నించవచ్చును. దీనికి రెండు సమాధానాలున్నవి. హైదరాబాదు విశ్వవిద్యాలయాలకు ఇరాన్, అఫ్గానిస్తాన్ దేశాల నుండి విద్యార్థులు దశాబ్దాలుగా వస్తున్నారు. మన విద్యార్థులు రేపు వారి పక్కన కూర్చొని చదువవలసిన వారే. ఇది మొదటి సమాధానం. రెండవది ఇంకను ముఖ్యమైనది. ఉర్దూ భాష తన పలుకుబళ్ళలో పెద్ద భాగాన్ని ఫారసీ నుండి స్వీకరించినది. కనుక ఫారసీ విద్యార్థి ఇంగ్లీషులో చేసే పొరపాటు చాలాసార్లు మన ఉర్దూ విద్యార్థి చేసే పొరపాటే. పొరుగువాని అద్దంలో మన ముఖం చూసుకోవడం వంటిది ఈ పరిశీలన.

ఫారసీ పదాలను ఇక్కడ మన దేశపు మదరసాలలో అలవాటైన ఉచ్చారణ ప్రకారం వ్రాస్తున్నాను. మనం ‘గిరిఫ్తన్’ అనే మాటను తెహరాన్‌లో ‘గెరెఫ్తన్’ అంటారు. మాట ఒక్కటే.

ఈ క్రియ పుట్టుక

‘టేక్’ ఇంగ్లీషు భాషకు పుట్టింటి సొమ్ము కాదు. ప్రాచీన ఆంగ్లంలో ‘తీసుకొను’ అనే అర్థంలో ‘నిమన్’ అనే క్రియ ఉండేది. జర్మన్ భాషలో నేటికీ వాడుకలో ఉన్న ‘నేమెన్’ దాని సోదరి. స్కాండినేవియా నుండి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన వారు తమ ‘టకా’ అనే క్రియను వెంట తెచ్చారు. సుమారు క్రీ.శ. 1100 నాటికి అది ఆంగ్ల గ్రంథాలలో కనిపించసాగింది. తరువాతి శతాబ్దాలలో ‘నిమన్’ను పూర్తిగా వెళ్ళగొట్టింది. చురుకైన వానిని సూచించే ‘నింబుల్’, తిమ్మిరెక్కిన అవయవాన్ని సూచించే ‘నంబ్’ అనే మాటలలో మాత్రమే ఆ పాత క్రియ ఛాయలు మిగిలినవి.

వలస వచ్చిన ఈ పదం తరువాత ఇంగ్లీషుకు మూలస్తంభమైనది. సి.కె. ఆగ్డెన్ అనే పండితుడు 1930లో ‘బేసిక్ ఇంగ్లీష్’ అనే సంక్షిప్త భాషను రూపొందించి, 850 పదాలతో దైనందిన వ్యవహారమంతా నడపవచ్చునని ప్రతిపాదించాడు. ఆ 850 పదాలలో క్రియలు కేవలం 18. వాటిలో ‘టేక్’ ఒకటి. అంటే ఈ ఒక్క క్రియ ఎన్ని క్రియల పని చేయగలదో ఊహించవచ్చును. అంత పని చేయగల పదానికి ఒక్క అర్థం చెప్పి విడిచిపెట్టడం విద్యార్థికి న్యాయం కాదు.

గిరిఫ్తన్ కుటుంబం

ఫారసీలో ‘టేక్’కు నిఘంటువులు ముందుగా ఇచ్చే సమానార్థకం ‘గిరిఫ్తన్’. ఫారసీ క్రియకు రెండు ధాతురూపాలుంటాయి. ‘గిరిఫ్త్’ భూతకాలానిది, ‘గీర్’ వర్తమానానిది. ఇంగ్లీషులో ‘టేక్’, ‘టుక్’ అని రూపం మారినట్లే ఇదీ మారుతుంది.

ఈ రెండు రూపాలూ మనకు కొత్తవి కావు. ఉర్దూలో నిర్బంధింపబడినవాడు ‘గిరఫ్తార్’. ‘జా’ అనగా స్థలం. స్థలాన్ని పట్టుకొన్నది ‘జాగీర్’. తెలంగాణ పల్లెలలో జాగీరు, జాగీరుదారు అనే మాటలు వినని వృద్ధులుండరు. ప్రపంచాన్ని పట్టుకొన్నవాడు ‘జహంగీర్’, ‘ఆలంగీర్’. ‘దస్త్’ అనగా చేయి. చేయి పట్టుకొని ఆదుకొనేవాడు ‘దస్తగీర్’. బాగ్దాదుకు చెందిన హజ్రత్ షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ వారికి గల ఈ బిరుదమే మన రాయలసీమలో ‘దస్తగిరి’ అనే పేరుగా స్థిరపడి, ముస్లిముల ఇళ్ళలోనే కాక ఇతరుల ఇళ్ళలో సైతం వినిపిస్తున్నది.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. నేటి ఇరాన్ వార్తాపత్రికలో ‘దస్తగీర్’ అనే మాట కనబడితే దాని అర్థం ఆదుకొన్నవాడు కాదు, పోలీసులు నిర్బంధించినవాడు. చేయి పట్టుకోవడం ఒక్కటే. ఆపదలో పట్టుకొంటే అనుగ్రహం. నేరంలో పట్టుకొంటే అరెస్టు. పట్టుకొన్నవారెవరు, ఎందుకు పట్టుకొన్నారు అనే దానిని బట్టి అర్థం మారిపోయింది. క్రియకు తనంతట తానుగా ఉండే అర్థం స్వల్పం. దాని పక్కన నిలిచిన మాటలే మిగిలిన అర్థాన్ని సమకూరుస్తాయి. ‘టేక్’ విషయంలో చెప్పదలచినది కూడా ఇదే.

రెండు భాషలూ కలిసి నడిచే చోట్లు

ఫారసీ విద్యార్థికి అదృష్టవశాత్తు కొన్ని చోట్ల ‘గిరిఫ్తన్’, ‘టేక్’ సరిగ్గా ఒకదానిపై ఒకటి అమరుతాయి. ఫొటో తీయడాన్ని ఫారసీలో ‘అక్స్ గిరిఫ్తన్’ అంటారు. ఇంగ్లీషులో ‘టేక్ ఎ ఫొటోగ్రాఫ్’. నిర్ణయానికి ‘తస్మీమ్ గిరిఫ్తన్’. ఇంగ్లీషులో ‘టేక్ ఎ డెసిషన్’ అనవచ్చును, అయితే ‘మేక్ ఎ డెసిషన్’ అనడమే అధిక ప్రచారం. టాక్సీ ఎక్కడం రెండింటా ‘తీసుకోవడమే’. ఒకరి వద్ద పాఠాలు చెప్పించుకోవడం కూడా అంతే.

ఇటువంటి చోట్ల విద్యార్థి తప్పు చేయడు. కాని ఈ సౌలభ్యమే అతనిలో ఒక నమ్మకాన్ని కలిగిస్తుంది. ‘గిరిఫ్తన్’ ఉన్నచోటల్లా ‘టేక్’ పెట్టవచ్చుననీ, ‘గిరిఫ్తన్’ లేనిచోట ‘టేక్’ రాదనీ అతడు భావిస్తాడు. ఈ రెండు భావనలూ సరికావు.

తినడం, లాగడం, కొట్టడం

ఫారసీలో సామాన్య వ్యవహారంలోని క్రియలు చాలావరకు జంట పదాలు. ఒక నామవాచకాన్ని తీసుకొని దాని పక్కన ఒక చిన్న క్రియను నిలుపుతారు. ఆ చిన్న క్రియలలో ‘కర్దన్’ అంటే చేయు, ‘దాదన్’ అంటే ఇచ్చు, ‘జదన్’ అంటే కొట్టు, ‘ఖుర్దన్’ అంటే తిను, ‘కషీదన్’ అంటే లాగు. ఏ నామవాచకానికి ఏ క్రియ జోడు కావాలో తర్కం నిర్ణయించదు, సంప్రదాయం నిర్ణయిస్తుంది.

మందు సేవించడాన్ని ఫారసీలో ‘దవా ఖుర్దన్’, అనగా మందు తినడం అంటారు. ఉర్దూలోని ‘దవా ఖానా’ ఈ బాణీలోనిదే. ద్రవపు మందునైనా ఫారసీ వాడు ‘తింటాడు’. వాడుకలో నీటిని కూడా ‘ఖుర్దన్’ అనే క్రియతోనే చెబుతాడు. ఇంగ్లీషులో మాత్రం మాత్ర అయినా, ద్రవమైనా ‘టేక్ మెడిసిన్’ అనవలసిందే. తెలుగులో ‘మందు పుచ్చుకొను’ అనే పాత పలుకుబడి ఇంగ్లీషు పద్ధతికి దగ్గరగా ఉన్నది.

ఒట్టు పెట్టుకోవడం ఫారసీలో ‘ఖసమ్ ఖుర్దన్’ లేదా ‘సౌగంద్ ఖుర్దన్’. ఉర్దూలో ‘ఖసమ్ ఖానా’. ఒట్టును తినడమేమిటని ఆశ్చర్యం కలుగవచ్చును. ప్రాచీన ఇరాన్‌లో సత్యపరీక్షకై గంధకం కలిపిన నీటిని త్రాగించే ఆచారం ఉండేదనీ, ‘సౌగంద్’ అనే మాట ఆ గంధకజలం నుండి వచ్చినదనీ భాషాశాస్త్రజ్ఞులు వివరిస్తారు. ఆచారం అంతరించినా క్రియ మిగిలిపోయింది. ఇంగ్లీషులో ఇది ‘టేక్ యాన్ ఓత్’. మనం ‘ప్రమాణ స్వీకారం’ అంటున్నాము. స్వీకరించడమంటే తీసుకోవడమే కదా!

శ్వాస విషయంలో ఫారసీ వాడు ‘నఫస్ కషీదన్’ అని ఊపిరిని లాగుతాడు. ఇంగ్లీషు వాడు ‘టేక్ ఎ బ్రెత్’ అని తీసుకొంటాడు. వ్యాహ్యాళికి ఫారసీలో ‘ఖదమ్ జదన్’, అనగా అడుగు కొట్టడం. ఇంగ్లీషులో ‘టేక్ ఎ వాక్’. ఉర్దూలో వ్యాహ్యాళిని ‘చహల్ ఖద్మీ’, అనగా నలభై అడుగులు అంటున్నాము. కాలం పట్టడాన్ని ఫారసీలో ‘తూల్ కషీదన్’, పొడవు లాగడం అంటారు. ఇంగ్లీషులో ‘ఇట్ టేక్స్ టైమ్’. తెలుగులో కాలం ‘పడుతుంది’. ఒకే అనుభవాన్ని ఒక జాతి లాగుతుంది, ఒక జాతి పట్టించుకొంటుంది, ఒక జాతి తీసుకొంటుంది. ఇందులో ఏది సహజం, ఏది వికృతం అనే ప్రశ్నకు తావు లేదు.

ఇక ‘ఖుర్దన్’ వలన కలిగే హాస్యాన్ని కూడా చెప్పుకోవచ్చును. జలుబు చేస్తే ఫారసీలో ‘సర్మా ఖుర్దన్’, చలిని తినడం. జారి నేలపై పడితే ‘జమీన్ ఖుర్దన్’, నేలను తినడం. ఓడిపోతే ‘షికస్త్ ఖుర్దన్’. వీటిని మాటకు మాటగా ఇంగ్లీషులోకి మార్చిన వానిని చూసి నవ్వేవారు, తెలుగులో మనం దెబ్బలు ‘తింటాము’, తిట్లు ‘తింటాము’ అన్న సంగతిని గుర్తుంచుకోవలెను.

పరీక్ష ఇచ్చేదెవరు, తీసుకొనేదెవరు?

ఇప్పుడు విద్యార్థులకు అత్యంత ముఖ్యమైన ఘట్టానికి వస్తున్నాను. ఫారసీలో విద్యార్థి పరీక్షకు హాజరు కావడాన్ని ‘ఇమ్తిహాన్ దాదన్’ అంటారు. అంటే విద్యార్థి పరీక్షను ‘ఇస్తాడు’. ఉపాధ్యాయుడు ‘ఇమ్తిహాన్ గిరిఫ్తన్’ చేస్తాడు. అంటే పరీక్షను ‘తీసుకొంటాడు’. ఉర్దూ దీనిని యథాతథంగా అనుసరించింది: విద్యార్థికి ‘ఇమ్తిహాన్ దేనా’, ఉపాధ్యాయునికి ‘ఇమ్తిహాన్ లేనా’.

ఇంగ్లీషులో ఈ సంబంధం పూర్తిగా తలక్రిందులు. ‘టేక్ యాన్ ఎగ్జామినేషన్’ అంటే విద్యార్థి పరీక్షకు కూర్చోవడం. ‘గివ్ యాన్ ఎగ్జామినేషన్’ అంటే ఉపాధ్యాయుడు పరీక్ష పెట్టడం. ఇచ్చేవాడు పుచ్చుకొనేవాడయినాడు, పుచ్చుకొనేవాడు ఇచ్చేవాడయినాడు.

ఎందుకీ భేదం? ఫారసీ, ఉర్దూ భాషల దృష్టిలో పరీక్ష అనేది విద్యార్థి గురువు ముందు తన విద్యను అప్పగించే లెక్క. కనుక అతడు ఇస్తాడు. ఇంగ్లీషు దృష్టిలో పరీక్ష అనేది విద్యార్థి తన మీద వేసుకొనే భారం. కనుక అతడు తీసుకొంటాడు. ‘ఇమ్తిహాన్’ అనే అరబీ పదానికీ, మన ‘మెహనత్’కూ ధాతువు ఒక్కటే, అందులో శ్రమ, కష్టపరీక్ష అనే భావాలున్నవి. ఆ శ్రమను ఒకరు సమర్పణగా చూశారు. ఒకరు భారంగా చూశారు. తెలుగు వాడు ఈ రెండింటినీ విడిచి పరీక్షను ‘వ్రాస్తాడు’; ఉపాధ్యాయుడు ‘పెడతాడు’. అందుచేతనే ఒకే కళాశాలలో ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థి ఇంగ్లీషులో పరీక్షను ‘ఇచ్చాననీ’, తెలుగు మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థి ‘వ్రాశాననీ’ అంటారు. ఎవరి మాతృభాష వారి చేత అలా పలికిస్తున్నది.

మన దేశంలో పరస్పరం మాట్లాడుకొనేటప్పుడు ఈ భేదం వలన నష్టం లేదు, అందరికీ అర్థమవుతుంది. నష్టం దూరదేశానికి వ్రాసే దరఖాస్తులో కలుగుతుంది. ఒక అఫ్గాన్ యువకుడు విదేశీ విశ్వవిద్యాలయానికి వ్రాస్తూ, తాను మూడు పరీక్షలు ‘ఇచ్చానని’ తన భాషా మర్యాద ప్రకారం వ్రాశాడనుకొందాము. చదివే అధికారికి అతడు విద్యార్థి వలె కాక పరీక్షకుని వలె కనిపిస్తాడు. అదే విధంగా ఒక ఉపాధ్యాయుడు తన తరగతి నుండి అనేక పరీక్షలు ‘తీసుకొన్నానని’ వ్రాస్తే, ఇతడింకా విద్యార్థియేమో అన్న సందేహం కలుగుతుంది. వ్యాకరణంలో ఎక్కడా దోషం లేదు. అయినను మనిషి స్థానమే మారిపోయింది.

ఇది కేవలం చమత్కారం కోసం చెప్పిన మాట కాదు. అఫ్గానిస్తాన్‌లో 2021 తరువాత బాలికలకు ఉన్నత పాఠశాలల తలుపులు మూసివేశారు. 2022 డిసెంబరులో స్త్రీలకు విశ్వవిద్యాలయాల తలుపులు కూడా మూసివేశారు. చదువు ఆగిపోయిన అటువంటి విద్యార్థినికి విదేశీ విద్యాసంస్థకు వ్రాసే ఒక్క పుట ఇంగ్లీషు ఉత్తరమే మిగిలిన ద్వారం కావచ్చును. ఆ పుటలో ఒక చిన్న క్రియ ఆమె విద్యను తప్పుగా చూపించకుండా ఉండడం చిన్న విషయం కాదు.

ఫారసీ తీసుకొని, ఇంగ్లీషు తీసుకోని చోట్లు

ఉపవాసాన్ని ఫారసీలో ‘రోజా గిరిఫ్తన్’, అనగా రోజాను తీసుకోవడం అంటారు. ఉర్దూలో మనం రోజాను ‘రఖ్‌తే’ ఉన్నాము, అంటే ఉంచుకొంటున్నాము. ఇంగ్లీషులో ‘కీప్’, ‘అబ్జర్వ్’ అనే క్రియలు వాడాలి, ‘టేక్’ రాదు. నమాజుకు ముందు చేసే వుజూ ఫారసీలో ‘వుజూ గిరిఫ్తన్’. ఇంగ్లీషులో దానికి ‘పెర్ఫార్మ్’ తగిన క్రియ. ఒకరితో సంప్రదించడం ఫారసీలో ‘తమాస్ గిరిఫ్తన్’. కనుక ఫారసీ విద్యార్థి తన ఉత్తరం చివర ‘టేక్ కాంటాక్ట్’ అని వ్రాస్తాడు. ఇంగ్లీషులో ‘కాంటాక్ట్’ ఒక్కటే చాలును. పరీక్షలో మార్కులు రావడం ‘నుమ్రా గిరిఫ్తన్’. ఇంగ్లీషులో మార్కులను ‘గెట్’ చేస్తారు. అనుమతి విషయమూ ఇంతే. ‘టేక్ పర్మిషన్’ అనేది మన దేశంలో మనం అల్లుకొన్న పలుకుబడి. ఇంగ్లండులో ‘గెట్’, ‘ఆస్క్ ఫర్’ అంటారు.

అన్నింటికంటె ప్రమాదకరమైనది ‘వఖ్త్ గిరిఫ్తన్’. వైద్యుని కలవడానికి ముందుగా సమయం నిర్ణయించుకోవడాన్ని ఫారసీలో ఇలా అంటారు. ఉర్దూలో ‘డాక్టర్ సే వఖ్త్ లేనా’ అదే. దీనిని యథాతథంగా ఇంగ్లీషులో చెప్పి, ‘ఐ టుక్ టైమ్ ఫ్రమ్ ది డాక్టర్’ అంటే, వైద్యుని కాలం హరించినట్లు ధ్వనిస్తుంది. ఫారసీ వాని మర్యాద ఇంగ్లీషులో అమర్యాదగా మారిపోతుంది. ఇక్కడ చెప్పవలసినది ‘అపాయింట్‌మెంట్’.

స్థలం, సంఘటన

‘టేక్ ప్లేస్’ అనే పదబంధాన్ని మాటకు మాటగా విడదీస్తే ఫారసీ విద్యార్థికి ‘జా గిరిఫ్తన్’ స్ఫురిస్తుంది. అది జాగీరుకు మూలమైన మాటే. నేటి వాడుకలో ఒక చోట కుదురుకోవడమని అర్థం. ఇంగ్లీషులోనో ‘టేక్ ప్లేస్’ అంటే జరుగుట. విచిత్రమేమంటే ఈ అర్థానికి ఫారసీలో కూడా ‘గిరిఫ్తన్’తో కూడిన జంట పదం ఉన్నది. అది ‘సూరత్ గిరిఫ్తన్’, అనగా రూపం దాల్చుట. ఇంగ్లీషులో సంఘటన స్థలాన్ని తీసుకొంటే, ఫారసీలో రూపాన్ని తీసుకొన్నది. ఈ ఒక్క జంటను గుర్తుంచుకొన్న ఫారసీ విద్యార్థి మరెన్నడూ పొరపడడు.

అయితే మధ్యలో ఒక చిన్న మాట చేరితే అర్థం మళ్ళీ మారుతుంది. ‘టేక్ ప్లేస్’ అంటే జరుగుట. ‘టేక్ యువర్ ప్లేస్’ అంటే నీ చోటికి వెళ్ళు. ‘టేక్ ది ప్లేస్ ఆఫ్’ అంటే ఒకరికి బదులుగా నిలుచుట. ఫారసీలో ‘ది’ వంటి ప్రత్యేక పదం లేదు, ఉర్దూలో లేదు, తెలుగులోనూ లేదు. అందువలన మన చెవికి ఆ చిన్న మాట ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇంగ్లీషు చెవికి అది చాలా భేదం. ఈ లోపాన్ని బుద్ధితో కాదు, అలవాటుతో పూడ్చుకోవలెను.

ముందు చేరే మాట, వెనుక చేరే మాట

‘టేక్’ వెనుక ఒక చిన్న అవ్యయం చేరితే కొత్త క్రియ పుడుతుంది. ‘టేక్ ఆఫ్’ అంటే దుస్తులు విప్పుట. విమానమైతే నేలను విడిచి లేచుట. ‘టేక్ అప్’ అంటే ఒక పనిని చేపట్టుట. ‘టేక్ ఓవర్’ అంటే అధికారాన్ని స్వాధీనం చేసుకొనుట. ‘టేక్ ఇన్’ అంటే ఆశ్రయమిచ్చుట, మోసగించుట కూడా. ‘టేక్ ఆఫ్టర్’ అంటే తల్లిదండ్రుల పోలిక కలిగి ఉండుట. ఈ చివరి అర్థంలో ఫారసీ వాడు బిడ్డ ‘తండ్రి వద్దకు పోయినాడు’ అంటాడు. ఉర్దూ వాడు ‘బాప్ పర్ గయా హై’ అంటాడు.

ఫారసీ విద్యార్థులు ఈ జంటలను చూసి భయపడతారు. నిజానికి వారి భాషలోనూ ఇవి ఉన్నవి. ‘బర్ గిరిఫ్తన్’ పైకి ఎత్తుట. ‘బాజ్ గిరిఫ్తన్’ తిరిగి తీసుకొనుట. ‘ఫరా గిరిఫ్తన్’ నేర్చుకొనుట. ‘దర్ గిరిఫ్తన్’ మంట అంటుకొనుట, యుద్ధం చెలరేగుట. భేదమల్లా ఇంతే: ఫారసీలో చిన్న మాట ముందు నడుస్తుంది, ఇంగ్లీషులో వెనుక నడుస్తుంది. ఇంగ్లీషులో మరొక నియమం కూడా ఉన్నది. ‘టేక్ ఆఫ్’ వంటి వాటిలో కర్మ సర్వనామమైతే మధ్యలో కూర్చోవలెను. ‘టేక్ ఇట్ ఆఫ్’ అనాలి గాని ‘టేక్ ఆఫ్ ఇట్’ అనరాదు.

తెలుగు చేతికిచ్చే తాళపుచెవి

‘టేక్’ స్వభావాన్ని గ్రహించడానికి తెలుగు మనకొక చక్కని తాళపుచెవిని ఇస్తున్నది. అదే ‘కొను’. నేడు ‘కొను’ అంటే వెల ఇచ్చి సంపాదించుట. ప్రాచీన కాలం నుండి దానికి తీసుకొనుట అనే అర్థం కలదు. ‘పాలు’ అనగా భాగం. భాగాన్ని తీసుకొనుటే ‘పాల్గొను’. ఇంగ్లీషు వాని ‘టేక్ పార్ట్’, ఉర్దూ వాని ‘హిస్సా లేనా’, తెలుగు వాని ‘పాల్గొను’ – ఈ మూడూ అచ్చంగా ఒకే కూర్పు. ‘కై’ అనగా చేయి. చేతితో తీసుకొనుట ‘గైకొను’. ఫారసీ ‘దస్తగీర్’లోని చేయీ, పట్టూ ఇందులోనూ ఉన్నవి.

అంతకంటె విలువైనది మరొకటున్నది. తెలుగులో ‘కొను’ ఏ క్రియకు చేరినా, ఆ పని ఫలం కర్తవైపు మళ్ళుతుంది. ‘వండు’ వేరు, ‘వండుకొను’ వేరు. ‘టేక్’లో ఉన్న గుణం చాలావరకు ఇదే. ఊపిరి, మందు, భారం, ప్రమాణం, పరీక్ష, బాధ్యత – ఇవన్నీ కర్త తనవైపు తెచ్చుకొనేవి, తన మీద వేసుకొనేవి. ఒక వస్తువును మరొక చోటికి చేర్చేటప్పుడు కూడా తెలుగు ‘తీసుకొని పోవు’ అంటున్నది. మొదటి సగంలో తనవైపు, రెండవ సగంలో ఆవలివైపు. ఫారసీలో దీనికి ‘బుర్దన్’ అనే వేరు క్రియ కలదు. ఇంగ్లీషులో రెండు సగాలనూ ‘టేక్’ ఒక్కటే మోస్తుంది. ఈ సూత్రం ‘టేక్’ ప్రయోగాలన్నింటికీ వర్తించదు. అయినా చీకటిలో దీపం వలె దారి చూపుతుంది.

విద్యార్థులకు, కమిటీ పెద్దలకు

విద్యార్థులకు నా సూచన ఒక్కటే. ‘టేక్’ను ఒంటరిగా నేర్చుకోవద్దు, తోడుతో నేర్చుకోండి. ఒక నోటు పుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఇంగ్లీషు పదబంధం, రెండవ గడిలో ఉర్దూ లేక ఫారసీ పదబంధం, మూడవ గడిలో తెలుగు, నాలుగవ గడిలో ఆ పని చేసేది ఎవరో వ్రాయండి. పరీక్ష విషయంలో కలిగే తారుమారు ఈ నాలుగవ గడిలో వెంటనే బయటపడుతుంది. రోజుకు రెండు పదబంధాలు చాలును. సంవత్సరంలో ఏడు వందలు దాటుతాయి. నిఘంటువు కొనేటప్పుడు కేవలం అర్థాలిచ్చేది కాక, ప్రయోగాలిచ్చేది ఎన్నుకోండి. ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో బోధిస్తూ 1942లో వెలువరించిన నిఘంటువు ఇటువంటి విద్యార్థుల కోసమే పుట్టినది. దాని తరువాతి ముద్రణలు నేటికీ విద్యార్థులకు అందుతున్నవి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన కళాశాలలో ఉర్దూ ఒక గదిలో, తెలుగు ఒక గదిలో, ఇంగ్లీషు ఒక గదిలో బోధింపబడుతున్నవి. విద్యార్థి బుద్ధిలో మాత్రం ఈ మూడూ ఒకే గదిలో ఉన్నవి. పక్షానికి ఒక గంట ముగ్గురు అధ్యాపకులూ ఒకే వేదిక మీద కూర్చొని, ఇటువంటి ఒక్కొక్క క్రియను మూడు భాషలలో చర్చించే ఏర్పాటు చేస్తే, దానికి ఖర్చు లేదు; లాభం అపారం.

ఇంగ్లీషులో తప్పు వ్రాసిన విద్యార్థిని మనం తరచుగా మందబుద్ధి అనుకొంటాము. పరీక్ష ‘ఇచ్చాను’ అని వ్రాసినవాడు మందబుద్ధి కాదు. అతడు తన తాతముత్తాతల నుండి వచ్చిన ఒక భాషా మర్యాదను నమ్మకంగా పాటిస్తున్నాడు. ఆ మర్యాదను విడువమని చెప్పవలసిన పని లేదు. ఇంగ్లీషు వాని ఇంట ఆ మర్యాద వేరని తెలియజెప్పితే చాలును. రెండు భాషలతో పెరిగి మూడవదానిని అభ్యసించే మన విద్యార్థి దరిద్రుడు కాడు. మూడు తాళపుచెవులు గలవాడు. ఏ తలుపుకు ఏది సరిపోతుందో నేర్పడమే విద్యాలయం కర్తవ్యం.